కరెంటు పోయింది

జోయల్ కదిరిలో, చౌడేశ్వరి పామిడిలో, ఇంటి నుంచే ఒక కంపెనీకి సాఫ్ట్‌వేర్ పని చేసేవారు. ఇద్దరిలో ఒకరినే ఉంచుతారని తెలిసింది. ఆమె పనితీరు ఎలా ఉందని పైవాళ్లు అడిగితే, "కరెంటు పోతే మనిషి దొరకదు" అని రాశాడు జోయల్.

ఆమె ఉద్యోగం పోయింది.

వారం తర్వాత ఆమే ఫోన్ చేసింది.

"అన్నా, ఇంకో కంపెనీవాళ్లు నా పని ఎట్లుంటాదో అడుగుతారంట. నీ పేరు చెప్పినా. ఉన్నదున్నట్టు చెప్పు, చాలు."

"చెప్తాలేమ్మా."

మర్నాడు వాళ్లు వీడియో కాల్‌లో అడిగారు. కరెంటు పోతే ఆమె బస్సెక్కి అనంతపురం పోయి, స్నేహితురాలి గదిలో కూర్చుని పని చేసేదని, తాను రాసిన కోడ్‌లో తప్పులు కూడా ఆమే సరిదిద్దేదని చెప్పాడు జోయల్.

"అలాంటి మనిషిని మీరెందుకు వదులుకున్నారండీ?"

"సార్, ఇక్కడ కరెంటు పోయింది" అని కాల్ కట్ చేశాడు.

నెత్తిమీద ఫ్యాను తిరుగుతూనే ఉంది.