సర్కారు పుంజు

"ఈసారి మందు పూసే పుల్ల కొంచెం పొడుగుది ఇయ్యి సారూ. పొట్టిది అందడంల్యా" అంది భీమమ్మ.

కాంపౌండరు ఏసేపు ఊదారంగు మందును సీసాలోకి వంచుతూ తలెత్తాడు. "మళ్ళా అయిపాయెనా? పోయిన వారమే గదమ్మా ఇచ్చింది."

"మానినట్లే మానతాది సారూ. అంతలోకే మళ్ళా చీరుకపోతాది."

పశువుల ఆసుపత్రి వసారాలో, ఎడ్లను తోలుకొచ్చిన రైతులు గోడకు చేరగిలబడి కునుకుతున్నారు. భీమమ్మ ఎప్పటిలాగే నిలబడి ఉంది. చైత్రమాసపు ఎండలో కూడా కొంగు రెండు భుజాల మీదుగా బిగించి కప్పుకుంది.

ఆమెను చూస్తే ఏసేపుకు తానే తప్పు చేసినట్టుంటుంది. ఆ పుంజును ఆమె ఇంటికి పంపింది అతనే మరి. కొత్తగా పెట్టిన బ్లాకు ఆఫీసు వాళ్ళు నాటుకోళ్ళ జాతి బాగుచేస్తామని పెద్దజాతి పుంజులను రైల్లో డోన్‌కు తెప్పించారు. ఒక్కొక్కటి నాలుగు సేర్ల బరువు. ఊరికొకటి ఇవ్వమన్నారు. భీమమ్మ మొగుడు రంగన్న అందరికంటే ముందొచ్చి, ఇంట్లోని నాటుపుంజును ఆఫీసులో అప్పగించి, దీన్ని చంకన పెట్టుకుని పోయాడు. భీమమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న మూడు పెట్టలేమో పిట్టంత. అంత పుంజు వాటి మీదికెక్కితే వీపులు చీరుకుపోవా? ఆ మాత్రం ఆలోచన కాగితాలు రాసే దొరలకు రాలేదు. నిజం చెప్పాలంటే ఏసేపుకూ రాలేదు.

"ఏ పెట్టకు ఎక్కువుండాది?"

"నల్లపెట్టకు సారూ."

"పుంజు గోళ్ళు కత్తిరించమంటి గదా?"

"దాని దగ్గరికి పోయేదెవరు? మీదికొస్తాది."

"పెట్టల వీపుకు గోనెపట్ట కట్టు."

"కడితే దానికి ఇంకా కోపమొస్తాది సారూ."

ఏసేపు నవ్వాడు. "పుంజుకు కోపమా!"

భీమమ్మ నవ్వలేదు.

"పోనీ, పెట్టలను పది దినాలు మీ అమ్మోళ్ళింట్లో పెట్టు. పుండు మానతాది."

"అదీ అయింది సారూ. మాపటికే తిరిగి పంపిచ్చిరి. ఇచ్చినాక ఆ ఇంట్లోనే ఉండల్లంట."

"కోళ్ళకు గూడా ఈ పట్టింపులేంది తల్లీ!" ఏసేపుకు విసుగొచ్చింది. "ఇట్ల కాదు గానీ, నేనే వచ్చి ఆ పుంజును ఎత్తకపోతా."

ఆమె సీసా అందుకుని ఒక అడుగు వెనక్కి వేసింది. "వద్దు సారూ, నీకు దండం పెడతా. మా ఇంటికాడికి రావద్దు. పుంజంటే ఇంటాయనకు పానం. నేను చెప్పినానని తెలిస్తే ఊరుకోడు."

గడప దాకా పోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. "సారూ, ఈ మందు బట్టకంటితే పోతాదా?"

"పోదు. అయినా నీ పెట్టలేమన్నా కోకలు కట్టుకుంటాయా?" అన్నాడు ఏసేపు. వసారాలో ఇద్దరు రైతులు పకపకా నవ్వారు. ఆమె తల వంచుకుని ఎండలోకి దిగిపోయింది.

ఆ రోజంతా ఏసేపుకు మనసు మనసులో లేదు. ఎగరలేవు, దాక్కోలేవు, ఆ మూడు పెట్టలు ఎక్కడికి పోతాయి? తన పుణ్యాన అవి చస్తే ఆ ఉసురు ఎవరికి? ఆమె వద్దన్నా సరే, ఆ పుంజును తెచ్చేయాలనుకున్నాడు. మర్నాడే సైకిలు వెనక పెద్ద వెదురుగంప కట్టుకుని బయలుదేరాడు.

రంగన్న ఇంటి చుట్టూ నిలువు బండలు పాతిన గోడ. ఉన్న ఒక్క వాకిలికి అడ్డంగా మంచం వేసుకుని రంగన్న పడుకుని ఉన్నాడు. ఆరడుగుల మనిషి, కాళ్ళు మంచం దాటి వేలాడుతున్నాయి.

"ఏమప్పా ఏసేపూ, ఇట్లొచ్చినావు?"

ఏసేపు భీమమ్మ పేరెత్తలేదు. "పుంజులన్నీ చూసి రమ్మన్నారన్నా. నీది యాడుండాది?"

"ఇప్పుడొచ్చినావా చూసేకి!" రంగన్న పెద్దగా నవ్వాడు. "అది తెచ్చిన నెలకే పాయ. తెల్లారకముందే కూసి నిద్ర చెడగొడతాండె. ఒక దినం కోపమొచ్చి మెడ నులిమినా. పో, మీ ఆఫీసులో చెప్పుకో పో."

నెలకేనా? పుంజును ఇచ్చింది కార్తీకంలో. ఏసేపు మంచం పక్కనుంచి ఒదిగి లోపలికి నడిచాడు. దిబ్బ మీద మూడు పెట్టలు గీరుకుంటున్నాయి. నల్లపెట్టను ఒడిసి పట్టుకుని వీపు మీద ఈకలు విడదీసి చూశాడు. ఒక్క గీత లేదు. మిగిలిన రెండింటినీ పట్టి చూశాడు. నిండుగా ఈకలు, నున్నటి చర్మం. పుండు పడిన జాడే లేదు.

ఏసేపుకు ఒళ్ళు మండిపోయింది. నాలుగు నెలలుగా వారం వారం సర్కారు మందు పట్టుకుపోయి ఏం చేస్తోందీ మనిషి? అమ్ముకుంటోందా? తను ఆ పెట్టల కోసం ఎంత బాధపడ్డాడు!

అప్పుడే భీమమ్మ నెత్తిన నీళ్ళ బిందెతో వాకిట్లోకి వచ్చింది. రంగన్న కాళ్ళు ముడిచి దారి ఇచ్చాడు. చేతిలో కోడితో నిలబడిన ఏసేపును చూడగానే ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమ్మా, ఏంది ఇది?" అన్నాడు ఏసేపు కోపంగా.

రంగన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఏందప్పా? నా పెండ్లాంతో నీకేం పని?"

చెప్పొద్దన్నట్టు భీమమ్మ తల కొద్దిగా ఆడించింది. ఆ కదలికకు బిందె తొణికి నీళ్ళు మెడ మీదుగా కారిపోయాయి. తడబడుతూ అటు తిరిగి, బిందెను దించడానికి వంగింది. కొంగు జారిపోయింది.

తడిసిన రవిక వీపంతా ఊదా మరకలు.