మైనం పొర

“పొగ లేసిందంటే పెట్టె మస్తు కాలినట్టు. జర ఆగాలె,” అంటూ పద్మమ్మ ఇస్త్రీ పెట్టెను పైకెత్తింది. “మైనం కరగాలె గని మాడొద్దు. మీ తమ్ముడు గట్లనే చెప్పిండు.”

కరీంనగర్ బస్సు దిగి వచ్చిన స్నేహ భుజం మీది బ్యాగు ఇంకా దించనే లేదు. సిద్దిపేటలో వాళ్లది కిరాయి ఇల్లు. ముందు గదిలో బాపు రత్నాకర్ టైలరింగ్ షాపు, వెనక రెండు గదుల్లో కాపురం. నడిమింట్లో బట్టలు కత్తిరించే పాత బల్ల మీద తమ్ముడి స్కీలు బోర్లా పడుకుని ఉన్నాయి. మంచు మీద జారేందుకు కాళ్లకు కట్టుకునే ఆ రెండు పొడవాటి పలకల అడుగున, అమ్మ మైనాన్ని చుక్కలు చుక్కలుగా కార్చి, పెట్టెతో సాపు చేస్తోంది. మొహంలో ఎంత శ్రద్ధో!

“ఇగ ఆరనియ్యాలె. పొద్దుగాల్ల వచ్చి గీక్కొని పోతడు.”

“ఎవలు?”

“ఎవలేందే? సతీశే.”

సతీశ్ పోయి పదకొండు నెలలైంది. డిగ్రీలో ఉండగా ఎన్‌సీసీ వాళ్లు కాశ్మీర్ తీసుకెళితే, ఆ మంచు పిచ్చి పట్టుకుంది వాడికి. ఏటా పోయేవాడు. చివరిసారి స్కీలు అక్కడ దిగిన గదిలోనే పెట్టి, కాలినడకన కొండెక్కి, మంచుచరియల కింద కూరుకుపోయాడు. మనిషి దొరకలేదు. వాడి దోస్తు ఈ స్కీలు తెచ్చి అప్పజెప్పి, తలెత్తకుండా వెళ్లిపోయాడు.

స్నేహ విసవిసా షాపులోకి వచ్చింది. రత్నాకర్ మిషను తొక్కుతున్నాడు.

“బాపూ, అమ్మ ఏం మాట్లాడుతుందో ఎర్కనా నీకు? తమ్ముడు రోజూ వచ్చి మైనం గీకుతుండట!”

మిషను ఆగింది. “మెల్లగ. ఇంటది.”

“నిజం చెప్పు. ఎవలు గీకుతున్రు?”

రత్నాకర్ నేల చూపులు చూశాడు. “నేనే బిడ్డా.”

దొంగ దొరికిపోయినట్టుంది ఆయన వాలకం. దారం ఉండ చుడుతూ చెప్పుకొచ్చాడు.

“నువ్వు డ్యూటీల పడి కరీంనగర్ పోయినవ్. ఇల్లు ఎట్లుండెనో నీకేమెర్క? మూడు నెలలు షట్టరే తెరవలే. మీ అమ్మ కంచం పట్టుకొని నా మంచం పక్కన కూసునేది. ముద్ద ముట్టకపోయేది. బొక్కలు తేలినయి. ఒకరోజు నేను దూపై నీళ్లకని తెల్లారంగ లేస్తే, బల్ల మీద గివి ఉన్నయి. మైనం దిట్టంగ పెట్టి ఉంది. సతీశ్ గట్లనే చేస్తుండె గద?”

స్నేహకు గుర్తుంది. ఊరెళ్లే ముందు సాయంత్రం, స్కీలు సాఫీగా జారాలని మైనం పెట్టేవాడు. తెల్లారి ఎక్కువైంది గీకేసి, బస్సెక్కేవాడు. ‘ప్రయాణంల పెద్ద సామానెందుకు బాపూ? మైనం ముక్క, ఇస్త్రీ పెట్టె, గీకనీకి పాత కార్డు. గంతే! పెట్టె దొరకకుంటే చెంబుల మసిలే నీళ్లు పోసి, దాని అడుగుతోని రుద్దినా నడుస్తది’ అని గొప్పలు పోయేవాడు.

“ఇగ చెయ్యి ఆగలే,” అన్నాడు రత్నాకర్. “వాని పాత కాలేజీ కార్డు తీసి గీకిన. మీ అమ్మ లేచి చూసి, ‘సతీశ్ వచ్చి పోయిండయ్యా’ అని నవ్వింది. గా దినం రెండు రొట్టెలు తిన్నది బిడ్డా! ఇగ ఎట్ల బందు పెట్టాలె? రోజూ అయిదింటికి లేస్త, గీకుత. లేచినోన్ని ఊకెందుకని షాపు గూడ తెరుస్తున్న.” గొంతు తగ్గించాడు. “ఒక్కోపారి గీకుతుంటే వెనక ఎవలో నిలబడ్డట్టే ఉంటది. తిరిగి చూడబుద్ధి కాదు. చూస్తే పోతడేమోనని.”

స్నేహ కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా మెత్తబడలేదు.

“గిట్లయితే ఇద్దరికిద్దరు పిచ్చోల్లయితరు బాపూ. రేపు గీకకు. తమ్ముడు రాడని అమ్మకు తెల్వనియ్యి.”

“మల్ల తినుడు ఆపితే? చస్తదే!”

“నేనున్న గద. వారం సెలవు పెట్టిన. తినిపిస్త.”

రత్నాకర్ ఒప్పుకున్నాడు గాని, గుండె మాత్రం ఒప్పుకోలేదు.

తెల్లవారి అయిదింటికి మెలకువ రానే వచ్చింది. పాల ఆటో వచ్చి పోయింది. చేతులు గుంజుతున్నాయి. రెండు చేతులూ చంకల్లో దోపుకుని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆరయింది. ఏడయింది. కిటికీలోంచి ఎండ మీద పడుతున్నా కదల్లేదు.

పద్మమ్మ లేచిన చప్పుడైంది. అడుగులు బల్ల దాకా వెళ్లి ఆగిపోయాయి. ఇప్పుడు ఏడుస్తుంది, గుండెలు బాదుకుంటుంది, ఇక కంచం ముట్టదు. దేవుడా, ఎంత పని చేశాను అనుకున్నాడు రత్నాకర్.

ఏడుపు వినబడలేదు. అడుగులు గబగబా ఆయన మంచం దగ్గరికే వచ్చాయి. చల్లటి చెయ్యి నుదుటి మీద పడింది, ముక్కు దగ్గర ఊపిరి చూసింది. ఆయన కళ్లు తెరవలేదు. తెరిస్తే ఆమె మొహం చూడాలి, అంత ధైర్యం లేదు. ఆ చెయ్యి వెనక్కి పోయింది.

పక్క గదిలో గుసగుసలు మొదలయ్యాయి.

“లే బిడ్డా, జల్ది లే! మీ బాపు ఇంక పండుకొనే ఉన్నడు.”

“పండుకోనీ అమ్మా. ముందుగాల నువ్వు గా స్కీలు చూడు. పెట్టిన మైనం పెట్టినట్టే ఉన్నది. తమ్ముడు రాలే. ఇగ రాడు. మరి ఎవల కోసమే నువ్వు రోజూ మైనం పెట్టుడు?”

పద్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నట్టుంది, మాట నలిగి వచ్చింది.

“మీ బాపు మంచం దిగుతడని, బిడ్డా.”