సామి ఒల్లం అనింది

శుక్రవారం మధ్యాహ్నం మాదమ్మ ఒంటిమీదికి మళ్ళీ మారెమ్మ సామి వచ్చింది.

ఒళ్ళంతా వణుకు, చెమట. నాలుక తడబడుతోంది. కొడుకు లోకనాథన్ చేతులు జోడించి ముందు కూర్చున్నాడు. అతని కూతురు ఇలక్కియా ప్లస్ టూ ముగించింది. పాలకోడులో టమాటా మండీ నడిపే మేనమామ మణికండన్‌కు ఆమెను ఇవ్వాలని తల్లి శశికళ పట్టు. ఇలక్కియాకేమో నర్సింగ్ చదవాలని ప్రాణం. ఆమెను ఎవరూ అడగలేదు. సామినైతే అడగక తప్పదు.

"తల్లీ, ఆవణి నెలలో పాప పెండ్లి పెట్టుకుంటాము. సమ్మతమా?"

మాదమ్మ నోట్లోంచి ముద్దముద్దగా ఒకే మాట వచ్చింది.

"ఒల్లం."

అంటే, మాకిష్టం లేదని. మామూలు మనిషైతే 'ఒల్లను' అంటుందనీ, 'ఒల్లం' అనడం దేవతలకే చెల్లుతుందనీ పూజారి వేడియప్పన్ విడమరిచి చెప్పాడు. పోయిన శుక్రవారమూ ఇదే మాట. మణికండన్ ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. మారెమ్మతో పంతానికి పోయేంత ధైర్యం లోకనాథన్‌కు లేదు. కూతుర్ని ధర్మపురిలో నర్సింగ్ కాలేజీలో చేర్పించాడు.

ఆ తర్వాతి శుక్రవారం సామి వచ్చినప్పుడు మాదమ్మకు స్పృహే తప్పింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు.

డాక్టరు ఆమె పసుపు గుడ్డసంచి బోర్లించాడు. సర్కారు ఆసుపత్రిలో ఇచ్చిన షుగరు మాత్రలు, ప్రైవేటు క్లినిక్‌లో రాసిన షుగరు మాత్రలు. పేర్లు వేరు, మందు ఒకటే. ఏ డాక్టరునూ నొప్పించడం ఇష్టంలేక మాదమ్మ రెండూ మింగుతోంది. శుక్రవారం ఒక్కపొద్దు. మాత్ర అన్నం కాదు గనుక ఆ రోజూ మానలేదు. షుగరు పడిపోయి వణుకు వచ్చిందనీ, అలాంటప్పుడు వెంటనే తియ్యనిదేదైనా తినిపించాలనీ డాక్టరు చెప్పాడు. సామీ లేదు, గీమీ లేదన్నాడు.

పెండ్లి మళ్ళీ కుదుర్చుకుందామని శశికళ తమ్ముడు మణికండన్‌కు ఫోన్ చేయబోయింది. లోకనాథన్ ఆపాడు.

"వణుకు మాత్రదే అనుకో. మాత్రకు మన పెండ్లి సంగతి ఎట్ల తెలిసె?"

శశికళ ఫోన్ సంచిలో పెట్టేసింది. ఇలక్కియా చదువు దక్కింది.

తిరుగు బస్సులో మాదమ్మ మనవరాలి చెవి దగ్గరికి వంగింది.

"కండ్లు తిరిగి నేను బెల్లం, బెల్లం అని మొత్తుకుంటా ఉంటే, ఒక్కరన్నా రొంత నోట్లో పెట్టినారా పాపా?"