కోకా ఆకు పుచ్చుకోని మనిషి

కనుమ మీద ఎదురైన మనిషి కోకా ఆకు పుచ్చుకోలేదు.

హసింతా మంచి ఆకులు ఏరి, రెండు చేతులతో అందించింది. కొండదారిలో కలిసినవాళ్ళకు నమలడానికి ఆకు ఇవ్వడం, వాళ్ళు పుచ్చుకోవడం పలకరింపు కన్నా ముందు జరిగే పని. అతను ఆమె చేతిని పక్కకు నెట్టేశాడు. కిందికి దిగే దారి చూపించి, వద్దన్నట్టు తల ఊపాడు.

"దిగొద్దంటావా? ఎందుకని?" అంది హసింతా.

అతను నోరు తెరిచాడు. గాలి తప్ప మాట రాలేదు. సరస్సు చుట్టూ తిరిగిపోయే దారి వైపు చెయ్యి చాపాడు.

పొడుగాటి మనిషి. మొహం, జుట్టు, మోకాళ్ళ దాకా ఉన్న కోటు, అన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి.

కంచరగాడిదలు తోలే తోరిబియో ఆమె పక్కకు వచ్చాడు. "అమ్మాయ్, వాడి మొహం చూడు. ఆకు ముట్టడు, మాట్లాడడు. సరస్సు దగ్గర నక్క కూడా ఉండదు, అటు రమ్మంటున్నాడు. వాడు పిష్టాకో."

ఆ పేరు చెబితే ఆ కొండల్లో ఏడ్చే పిల్లలు నోరు మూస్తారు. ఒంటరి దారుల్లో కాపు కాసి, మనుషుల ఒంట్లోంచి కొవ్వు తోడుకుపోయే తెల్లవాడు పిష్టాకో. హసింతా పట్నంలో చదివి గైడు అయింది, అవన్నీ నమ్మనని నలుగురిలో చెప్పుకునేది. నలుగురిలో చెప్పుకోవడం వేరు, గాలి ఈల వేసే కనుమ మీద వాడి ఎదుట నిలబడడం వేరు.

"నువ్వూరుకో బాబాయ్. ఏదో కష్టంలో ఉన్నట్టున్నాడు."

"కష్టం మనకొస్తుంది, ఉండు."

ఆమె వెంట సముద్రపు ఒడ్డునున్న లీమా నగరం నుంచి వచ్చిన యాత్రికులున్నారు. వాళ్ళలో పెద్దావిడ గ్రసియేలాకు ఎత్తు పడలేదు. పెదాలు నీలంగా మారాయి, నాలుగడుగులు వేస్తే కూలబడుతోంది. ఆవిడకున్న మందు ఒక్కటే, కిందికి దిగడం. నేరుగా దిగితే మబ్బుల అడవిలోని ఊరు వస్తుంది. అక్కడ వెచ్చటి గాలి ఉంది, వీళ్ళ కోసం లారీ ఉంది. సరస్సు చుట్టూ పోతే ఇంకో రాత్రి ఈ ఎత్తులోనే గడపాలి. ఆవిడ తట్టుకుంటుందో లేదో.

"ఏమంటున్నాడమ్మా అతను?" గ్రసియేలా ఆయాసపడుతూ అడిగింది.

"తెలీడం లేదమ్మా."

నిజంగానే ఆమెకు ఏమీ పాలుపోలేదు. దారి చూపించడమే తన పని. ఆ పనిలో ఇంత అయోమయం ఎన్నడూ ఎరగదు.

అంతలో అతను గ్రసియేలా చెయ్యి పట్టుకుని సరస్సు వైపు లాగాడు. ఆవిడ కెవ్వుమంది. తోరిబియో నడుముకున్న ఒడిసెల విప్పి రాయి విసిరాడు. అది నుదుటికి తగిలి, తెల్లటి మొహం మీద రక్తం కారింది.

"రక్తం, బాబాయ్. మనిషే," అంది హసింతా.

"కాదన్నానా? పిష్టాకో కూడా మనిషే. చెడ్డ మనిషి."

అతను నుదురు తుడుచుకోలేదు. వాళ్ళందరినీ ఒకసారి చూసి, అడవి దారిలోనే దిగిపోయాడు.

"మనల్ని దిగొద్దని తను దిగుతున్నాడు. చూశావా వాడి తెలివి?" అన్నాడు తోరిబియో.

గ్రసియేలా కాస్త తేరుకునే దాకా అక్కడే ఆగారు. తర్వాత ఆవిడను గాడిద మీద కూర్చోబెట్టి, హసింతా దిగుదామంది. గడ్డి తప్ప ఏదీ మొలవని చలినేల వెనకబడింది. పొదలు, వాటి వెనక చెట్లు, చెట్ల నిండా తడినాచు వచ్చాయి. ఆవిడ పెదాలకు రంగు తిరిగింది. హసింతా ఊపిరి పీల్చుకుంది.

పొద్దు వాలుతుండగా ఒక మలుపులో దారికి అడ్డంగా రాళ్ళగోడ కనిపించింది. అప్పుడే పేర్చినది.

"దారి కట్టేశాడు వెధవ. లాగి పారేస్తే సరి," అని తోరిబియో వంగాడు.

"ఆగు బాబాయ్. నేను చూసొస్తాను."

గోడ దాటి నడిచింది. మబ్బు కమ్మి ముందు ఏమీ ఆనలేదు. ఉన్నట్టుండి కాలి కింద నేల జారింది. చేతికందిన వేరు పట్టుకుని, బోర్లా పడి, పాక్కుంటూ వెనక్కి వచ్చింది. మబ్బు తొలిగాక చూస్తే దారి లేదు. కొండచరియ మొత్తం విరిగి లోయలోకి జారిపోయి ఉంది.

ఆమె చేతులు మోచేతుల దాకా తెల్లటి బంకమట్టి. వెనక్కి వచ్చి ఆ చేతులే తోరిబియోకు చూపించింది. అతను గోడలోంచి లాగిన రాయిని మళ్ళీ అక్కడే పేర్చాడు.

ఆ రాత్రి చెట్ల కిందే పడుకున్నారు. మర్నాడు చీకటితోనే లేచి, కోలుకున్న గ్రసియేలాను గాడిద మీదే ఎక్కించి, మళ్ళీ కనుమ ఎక్కి, సరస్సు చుట్టూ తిరిగి పొద్దుపోయే వేళకు ఊరు చేరారు. ఊళ్ళో సగం తెల్లమట్టి కింద ఉంది. మగవాళ్ళు ఇంకా తవ్వుతున్నారు. అతను చర్చి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నుదుటికి గుడ్డ కట్టి ఉంది. తోరిబియో టోపీ తీశాడు గానీ దగ్గరికి పోలేకపోయాడు.

తవ్వేవాళ్ళకు సూపు వండుతున్న ముసలామె దగ్గరికి వెళ్ళింది హసింతా. "ఆయనెవరత్తా?"

"ఎలియుతేరియో అంటారు. మొన్న రాత్రి చరియ ఆయన ఇంటి మీదే పడింది. పెళ్ళాం లోపలుంది. రాత్రంతా చేతులతో తవ్వుతూ, పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకున్నాడు. తెల్లారాక, పైనుంచి ఎవరో దిగుతారని లారీవాడు గుర్తు చేశాడు. ఎవరూ కదల్లేదు. ఇక ఆవిడ లేదనుకున్నాడో ఏమో, ఉన్నవాళ్ళనన్నా ఆపుదామని ఆయనే అడవిని పట్టుకుని పైకెక్కాడు."

"ఆవిడ దొరికిందా?"

ముసలామె గరిట పక్కన పెట్టింది.

"దొరికింది తల్లీ. నిన్న మధ్యాహ్నం తవ్వి తీసేసరికి ఊపిరుంది, పొద్దు గూకే దాకా ఆయనేడీ అని అడుగుతూనే ఉంది."