ఇతర విషయాలు

ఊరి సభకి కొత్తాయన మొదటి పిలుపుకే వచ్చి కూర్చున్నాడు.

ఫైరింజన్ షెడ్డు బయట సిగరెట్లు కాలుస్తున్న జనం ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు.

మొదటి పిలుపుకి ఆ పోలిష్ పల్లెలో ఎవరూ లోపలికి రారు. సరిపడా జనం లేరని ఆ సభ ఎలాగూ చెల్లదు. పావుగంట ఆగి రెండోసారి పిలిస్తే, ఎందరుంటే అందరితోనే చెల్లుతుంది. ఈలోగా బయట నిలబడి కబుర్లాడుకోవడం అలవాటు.

"ఎవరాయన, సర్పంచిగారూ?" జెనోన్ అడిగాడు.

"తెలీదు" అంది బొగుమివా.

జనవరిలో భర్త పోయినప్పటి నుంచీ ఆమె మాటలు పొట్టివయ్యాయి.

ఆ రోజు అంబులెన్సు వంతెన అవతలే ఆగిపోయింది. ఆ బరువుకి వంతెన కూలుతుందని డ్రైవరు దాటలేదు. డాక్టరు మంచులో నడిచి వచ్చేసరికి రిషార్డ్ ఒళ్ళు చల్లబడింది. ఆమెకి ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

వంతెన బాగుచేయించాలనే సర్పంచి అయింది. మండలాఫీసు లాంటి గ్మినా ఆఫీసు కుదరదంది. వంతెన ఆనుకున్న నేల ప్రైవేటుది. యుద్ధం తర్వాత సైన్యం బళ్ళెక్కించి సరిహద్దు అవతలికి తరిమేసిన ఈ ఊరి పాత జనంలో ఎవరిదో. యజమాని సంతకం లేనిదే అక్కడ ఒక్క ఇటుక పెట్టకూడదు.

ఆ యజమాని బతికున్నాడో లేదో ఎవరికీ తెలీదు.

రెండో పిలుపుకి అందరూ లోపలికి వచ్చారు.

"ఈ ఏడాది ఊరి నిధి దేనికి ఖర్చు పెడదాం?" బొగుమివా అడిగింది.

"బెంచీలకి."

"మళ్ళీ బెంచీలా? కూర్చునే మనుషులకన్నా బెంచీలే ఎక్కువయ్యాయి!"

"నువ్వు పడుకోవడానికి ఒకటి కావాలిగా, జెనోన్!"

అందరూ నవ్వారు. బొగుమివా నవ్వలేదు.

కొత్తాయన లేచి టోపీ తీశాడు. డెబ్బై దాటిన మనిషి. ఇస్త్రీ చేసిన పాత సూటు.

"నేనొక మాట చెప్పుకోవచ్చా, అమ్మా?"

భాష పోలిషే. యాస మాత్రం సరిహద్దు అవతలిది.

షెడ్డులో నవ్వులు ఆగిపోయాయి.

"మీది ఈ ఊరేనా?" అంది బొగుమివా.

"ఇప్పుడు కాదు."

"బయటివాళ్ళు ఇతర విషయాల్లో మాట్లాడాలి. అది చివర్లో. కూర్చోండి."

ఆయన బుద్ధిగా కూర్చున్నాడు.

జెనోన్ ఆమె చెవి దగ్గరకి వంగాడు.

"'ఇప్పుడు కాదు' అన్నాడు, విన్నారా? తరిమేసిన వాళ్ళ మనిషి. భూమి వెనక్కి అడగడానికే వచ్చాడు. పక్క లోయలో ఇలాగే ఒకడొచ్చి కోర్టుకెక్కాడు. మీ ఇల్లు ఎవరి పునాది మీదుందో మర్చిపోకండి."

ఆమె మర్చిపోలేదు. రిషార్డ్ వాళ్ళ నాన్నకి ఆ ఇల్లు ప్రభుత్వం ఇచ్చింది. ఎవరి దగ్గర లాక్కుందో ఆయన అడగలేదు.

మొగుడు పోయాడు. ఇక ఇల్లు కూడానా?

"బెంచీలకి ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి."

చేతులు లేచాయి.

"సభ ముగిసింది."

"అమ్మా, ఇతర విషయాలు..." కొత్తాయన సగం లేచాడు.

"ఈసారి లేవు."

"మళ్ళీ సభ ఎప్పుడు?"

"వచ్చే ఏడాది."

"దారి అటు, తాతా!" వెనక నుంచి ఎవరో అరిచారు. "బస్సు పోతుంది!"

ఆయన టోపీ పెట్టుకుని అందరికీ తలవంచి వెళ్ళిపోయాడు. వంతెన మీద కాసేపు ఆగడం బొగుమివా కిటికీలోంచి చూసింది. పిలవాలనిపించలేదు. ఏమీ అనిపించలేదు.

మర్నాడు తీర్మానం ఇవ్వడానికి గ్మినా ఆఫీసుకి వెళ్ళింది.

గుమాస్తా కలీనా కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"బొగుమివాగారూ, నిన్న మీ సభకి ఒక పెద్దాయన వచ్చాడా?"

"వచ్చాడు."

"ఏమన్నాడు?"

"అననివ్వలేదు."

కలీనా కళ్ళు తుడుచుకుంది.

"తెల్లవారుజామున బస్టాండులో చనిపోయాడు. గుండె ఆగిపోయింది. నా అన్నవాళ్ళు ఒక్కరూ లేరట."

"పాపం" అంది బొగుమివా. అనాలి కాబట్టి అంది. "భూమి కోసం వచ్చాడన్నారు మావాళ్ళు."

"భూమి కోసమే. ఇవాళ ఇక్కడ సంతకం పెట్టాల్సింది."

"దేనికి?"

"మీ వంతెన ఆనుకున్న నేల ఆయనదే, బొగుమివాగారూ. ఊరికి దానంగా రాసిచ్చేస్తాను, కానీ తరిమేసిన మా చేతి నుంచి తీసుకుంటారో లేదో ముందు ఆ ఊరివాళ్ళని అడిగి వస్తానని వెళ్ళాడు."