హీటర్ పక్కన పెట్టె

“పెట్టెలోంచి చెయ్యి తియ్యండి పెద్దాయనా.”

లోర్నా గొంతు విని వేప్ షాపు వరసలో ఉన్న ఇద్దరూ వెనక్కి తిరిగారు.

కౌంటర్ చివర, హీటర్ పక్కనున్న అట్టపెట్టె మీదికి వంగి ఉన్నాడు ముసలాయన. ఒంటిమీద పసుపు రంగు వానకోటు, చేతిలో నీలం మూత సీసా.

లోర్నాకి ఒళ్ళు మండిపోయింది.

ఆ పెట్టె లేనివాళ్ళది. ఎలక్ట్రానిక్ సిగరెట్లో పోసుకునే పండ్ల రుచుల వేప్ ద్రవాలను ప్రభుత్వం నిషేధించి, మిగిలిన పొగాకు రుచి మీద పన్ను బాదాక, షాపు యజమానురాలు బెర్నిస్ దాన్ని అక్కడ పెట్టింది. మిగులున్నవాళ్ళు వెయ్యాలి, కావలసినవాళ్ళు తీసుకోవాలి. అంతే.

నిషేధం వస్తోందని తెలిసినప్పుడే ఊళ్ళో డబ్బున్నవాళ్ళు కొనేసి, పాడవకుండా ఫ్రీజర్లలో దాచేసుకున్నారు. వారం జీతం వారానికే చాలని లోర్నా ఏం దాస్తుంది?

ఆమె మొగుడు క్లేటన్ సముద్రంలో లాబ్‌స్టర్లు పట్టే పడవ మీద పనిచేసినన్నాళ్ళూ సిగరెట్లు ఊదేశాడు. ఊపిరితిత్తులు చితికిపోయాయి. బ్లూబెర్రీ రుచి వేప్ పట్టాకే సిగరెట్టు వదిలాడు. పొగాకు రుచి నాలుక్కి తగిలిందా, మనసు మళ్ళీ సిగరెట్టు మీదికే పోతుంది. ఇంకొక్క చలికాలం సిగరెట్టు తాగితే మనిషి దక్కడని డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది.

ఆకులు రాలే రోజుల్లో ఎలా వచ్చాయో గానీ, పెట్టెలో నీలం మూత బ్లూబెర్రీ సీసాలు కనిపించసాగాయి. బెర్నిసే వేస్తోందనుకుంది లోర్నా. పైకి కసురుకున్నా దాని మనసు వెన్న. లోర్నా చేపల ఫ్యాక్టరీలో పనయ్యాక సాయంత్రం వచ్చి ఒకటి తీసుకెళ్ళేది.

కొన్నిసార్లు దొరికేవి కావు. ఎవరో ఎగరేసుకుపోతున్నారని ఆమె అనుమానం. ఇవాళ ఫ్యాక్టరీలో కరెంటు పోయి పొద్దున్నే ఇంటికి పంపేశారు. దొంగ దొరికాడు.

పైగా ఈ మొహం ఆమెకు తెలుసు. నిషేధానికి ముందురోజు ఆమెకన్నా ముందు నిలబడి, షాపులో ఉన్న బ్లూబెర్రీ అంతా ట్రక్కులోకి ఎక్కించుకుపోయినవాడు ఇతనే. ఆ రోజు లోర్నా వట్టి చేతులతో ఇంటికెళ్ళి ఏడ్చింది.

“ట్రక్కు నిండా తోలుకెళ్ళారు కదా, చాలలేదా? లేనివాళ్ళ పెట్టె మీద కూడా పడాలా?”

“అది కాదమ్మా. నేను...”

దగ్గు తెర కమ్ముకొచ్చి మాట ఆగిపోయింది.

“పాపం, ఫ్రీజర్లో ఇంకా చోటు మిగిలిపోయిందేమోలే,” అన్నాడు వరసలో ఒకడు. రెండోవాడు కిసుక్కున నవ్వాడు.

లోర్నా ఆ సీసా లాగేసుకుంది. తను బయట మంచులోంచి వచ్చినందుకేమో, వేళ్ళు జిల్లుమన్నాయి.

“మీ ఆయనకా?” దగ్గు తగ్గాక అడిగాడు ముసలాయన.

“అవును. ఆయన ప్రాణం దీనిమీదే ఉంది. మీలాంటివాళ్ళకి ఏం తెలుస్తుందిలే.”

ఆయన కోటు జేబులో చెయ్యి పెట్టి ఇంకో సీసా తీశాడు.

“అయితే ఇదీ ఉంచండి.”

“చూశారా? జేబులో కూడా వేసేసుకున్నాడు,” అంది లోర్నా వరసలో వాళ్ళతో. తర్వాత ఆయన వైపు తిరిగింది. “వయసుకి మర్యాద ఇచ్చి వదిలేస్తున్నాను. మళ్ళీ ఈ గుమ్మం తొక్కకండి.”

వెనకగదిలో సరుకు సర్దుతున్న బెర్నిస్ వచ్చేసరికి ఆయన తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

మళ్ళీ రాలేదు.

చిత్రంగా నీలం మూత సీసాలూ రాలేదు. ఈ దొంగల గోల చూసి బెర్నిస్ విసుగెత్తి మానేసిందేమో అనుకుంది లోర్నా. ఉచితంగా ఇచ్చేదాన్ని ఎందుకు మానేశావని అడగడానికి మొహం చెల్లలేదు.

క్లేటన్ దగ్గరున్న చివరి సీసా చలి ముదిరాక అయిపోయింది. ఒకరోజు అతని కోటు దులుపుతుంటే సిగరెట్టు వాసన తగిలింది.

“ఒక్కటేనే లోర్నా. ఒట్టు,” అన్నాడు చిన్నపిల్లాడిలా.

ఆమె తిట్టలేదు. అతని తల పొట్టకు హత్తుకుని నిలబడింది.

మంచు కరగకముందే క్లేటన్ పోయాడు.

అంత్యక్రియలయ్యాక ఒక ఉదయం, అతని వేప్ గొట్టం తుడిచి, పెట్టెలో వేద్దామని షాపుకొచ్చింది లోర్నా. అప్పుడే ఒక నడివయసామె పెద్ద ఐస్‌పెట్టె ఈడ్చుకుంటూ లోపలికొచ్చింది.

“కావలసినవాళ్ళు తీసుకునే పెట్టె ఇక్కడేనా అండీ? ఇవి మా అన్నయ్య లియోవి. నిరుడు పదేళ్ళకు సరిపడా కొని ఫ్రీజర్లో దాచుకున్నాడు. ఆకులు రాలేటప్పుడు, వసంతం దాకా ఉంటే గొప్ప అన్నారు డాక్టర్లు. ఇంత సరుకు నాకెందుకే అని, ఓపికున్న రోజు రెండేసి వానకోటు జేబులో వేసుకుని బయల్దేరేవాడు. మధ్యలో మానేశాడు. ఎందుకన్నయ్యా అంటే, నన్ను చూస్తే వాళ్ళకి ఇబ్బందిలే అన్నాడు. ఆపైన మంచం దిగలేదు.”

ఐస్‌పెట్టె మూత తెరిచింది. నిండా నీలం మూతలు.

“పోయేముందు ఒకటే మాట. ఎవరో ఒకావిడ భర్తకు ఇవి కావాలట, ఆవిడకు చేర్చమన్నాడు. పేరు మాత్రం తెలియదట. మీకేమైనా తెలుసా అండీ?”

లోర్నా వేప్ గొట్టం పట్టుకునే ఐస్‌పెట్టె మీదికి వంగింది.

లియో చెల్లెలు ఒక సీసా తీసి లోర్నా చేతిలో పెట్టింది.

హీటర్ పక్కన పెట్టెలోంచి తను తీసుకున్న సీసాలన్నీ గోరువెచ్చగానే ఉండేవి. ఆ రోజు ముసలాయన చేతిలోంచి లాక్కున్నది మాత్రం ఇలాగే, అప్పుడే ఫ్రీజర్లోంచి తీసినట్టు, వేళ్ళు జిల్లుమనేంత చల్లగా ఉంది.