శుక్రవారం పడవ

శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నరకు అమ్వాజ్ రేవులో గిడియోన్ పడవ ఎక్కాడు. ఎక్కించింది అతని చిన్నాన్న ప్రేమయ్య. పిల్లవాడి తల్లికి ప్రేమయ్య ఆ మాట చెప్పలేదు.

పడవ కదలగానే ప్రేమయ్య పిల్లవాడి ఫోను తీసుకున్నాడు. ఆపేసి జేబులో వేసుకున్నాడు.

“అమ్మ చేస్తే?” అన్నాడు గిడియోన్.

“మీ అమ్మకి ఇప్పుడు ప్రసంగం గొడవే సరిపోద్ది. నువ్వు గుర్తుంటావా?”

బహ్రెయిన్‌లో సెలవు శుక్రవారం. అందుకే అక్కడి తెలుగు క్రైస్తవ సహవాసాలకు ఆరాధన కూడా ఆ రోజే. రిఫాలో అద్దె విల్లా తీసుకుని వీళ్ల సహవాసాన్ని మొదలుపెట్టింది ప్రేమయ్య వాళ్లన్న, పాస్టరు ఏబెల్. నిరుడు గుండెపోటుతో పోయాడు. కొడుకు గిడియోన్‌కి పదిహేడు. వాడికి ఇరవై ఒకటి వచ్చి పాస్టరయ్యేదాకా నేను చూసుకుంటానని ఏబెల్ భార్య ఎస్తేరు భూస్థాపన రోజునే చెప్పింది. భర్త కుర్చీలో మాత్రం కూర్చోలేదు. దాని పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుంది. హాలు తాళాలు కొంగున కట్టుకుంది.

ప్రేమయ్య ఆ కొంగును చూడలేకపోయాడు.

“అన్న తర్వాత తమ్ముడు. మధ్యలో వదినేంటి?” అని సహవాసంలో తనతోపాటు పెద్దలుగా ఉన్న మిగతా నలుగుర్నీ అడిగాడు.

ఇద్దరు ఎస్తేరు వైపు ఉన్నారు. ఇద్దరు ఎటూ తేల్చలేదు. పిల్లాడు ఎవర్ని అంటే వాళ్లే, అన్నారు. ఈ శుక్రవారం పన్నెండింటికి ఆరాధన అయ్యాక గిడియోన్ అందరి ముందూ చెప్పాలి. ఆ తర్వాత పెద్దలు చేతులెత్తాలి.

కొడుకు తల్లిని దాటి మాట్లాడడు. తల్లి కళ్ల ముందు అసలే మాట్లాడడు. అందుకని వాణ్ణి ఒంటరిగా ఒప్పించి ఆరాధన అయ్యేలోపు హాలుకు తెచ్చేద్దామని ప్రేమయ్య పడవ ఆలోచన చేశాడు. రెండు వారాల కిందట హాల్లో అందరూ వింటుండగా ఎస్తేరు కొడుకుని తిట్టింది. “పడవా, సముద్రం అన్నావంటే కాళ్లు విరగ్గొడతా.” ప్రేమయ్య అది మనసులో పెట్టుకున్నాడు.

పడవవాడి నంబరు ఇచ్చింది నాగేంద్రబాబు. అతను అమ్వాజ్‌లో ఏసీలు చూస్తాడు. ఒకప్పుడు పెద్దల్లో ఒకడు. ఓవర్‌టైం పడి ఒక శుక్రవారం రాలేకపోతే, రాని పెద్దకు మాట లేదని ప్రేమయ్య కొత్త కట్టడి పెట్టి అతన్ని తీయించాడు. అలాంటి మనిషే ఇప్పుడు వంగి పనిచేసి పెడుతున్నాడు. ప్రేమయ్యకు అది బాగుంది.

ఒడ్డు దూరమయ్యాక ప్రేమయ్య సమోసాల పొట్లం విప్పాడు.

“ఏరా, ఆడదాని మాట కింద పెరిగినోడు రేపు పాస్టరుగా నిలబడగలడా? మీ నాన్న కుర్చీ పక్కన ఆవిడ కూర్చుంటే నలుగురూ ఏమనుకుంటున్నారో తెలుసా?”

“ఏమనుకుంటున్నారు చిన్నాన్నా?”

“నీకు చెప్పే మాటలు కాదులే. ఇవాళ ఒక్క మాట చెప్పు. చిన్నాన్నే పెద్ద అను. చాలు.”

గిడియోన్ సమోసా నమిలాడు.

“సరే. అంటాను.”

ఇంత తేలికని ప్రేమయ్య అనుకోలేదు. పడవ తిప్పమన్నాడు. పడవవాడు ఇంజను ఆపి చూశాడు. మళ్లీ వేస్తే పడలేదు.

“గరమ్ హో గయా భాయ్,” అన్నాడు. చల్లబడాలన్నాడు.

ఎండ ఎక్కింది. పదకొండు దాటింది. ప్రేమయ్య హాల్లో ఉన్న తన మనిషికి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ఇంకొకరికి చేశాడు. ఎత్తలేదు. ఆరాధనకు వచ్చినవాళ్ల ఫోన్లన్నీ గుమ్మం దగ్గర బుట్టలో ఉంటాయి.

“చిన్నాన్నా, అమ్మ నాకో కథ చెప్పింది,” అన్నాడు గిడియోన్.

“బైబిల్లోదా?”

“కాదు. జర్మనీది. వెయ్యేళ్ల కిందట రాజు పోయాడంట. కొడుకు చిన్నోడు. వాడి పేరు మీద రాణీయే ఏలింది. దొరలకి కడుపుమంట. ఒకరోజు మంచి పడవుంది చూద్దువు రా అని పిల్లాణ్ణి ఎక్కించుకుని వెళ్లిపోయారు.”

“తర్వాత?”

“రాణికి ఇంక మాట లేకుండా పోయింది.”

ప్రేమయ్య నవ్వాడు. ఉదయం నుంచి మొదటిసారి.

“బుద్ధున్న దొరలు. ఆవిడకేం తెలుసు పాపం.”

“అవును. ముందే తెలిసుంటే వేరేలా ఉండేది.”

పన్నెండున్నరకు పడవవాడి ఫోను మోగింది. అతను విన్నాడు. “ఆఁ, ఖలాస్,” అని పెట్టేశాడు. వంగి ఇంజను వేశాడు. మొదటిసారికే పడింది.

రేవు దగ్గరపడుతుండగా నాగేంద్రబాబు ఫోన్ చేశాడు.

“అన్నా, ఎక్కడున్నావు? ఆరాధనలో పిల్లాడు లేడు, నువ్వు లేవు. పడవలో ఎత్తుకుపోయావని హాలంతా తెలిసిపోయింది. ఆడాళ్లు ఒకటే తిట్టడం. నలుగురు పెద్దలూ చేతులెత్తారు. ఇరవై ఒకటి వచ్చేదాకా అమ్మగారే. పెద్దల్లోంచి నీ పేరు తీసేశారు.”

“నన్ను అడక్కుండా ఎట్టా తీస్తారు?”

“రాని పెద్దకు మాట లేదు గదన్నా. నువ్వు పెట్టిందే.”

ప్రేమయ్య ఫోను కిందికి దించాడు. గిడియోన్ అప్పటికే రేవు మీదికి దూకి, తన ఫోను కోసం చెయ్యి చాపి నిలబడ్డాడు. ప్రేమయ్య ఇచ్చేశాడు. పర్సు తీసి పడవవాడి వైపు తిరిగాడు.

“కిరాయి నిన్ననే ముట్టింది భాయ్,” అన్నాడు పడవవాడు హిందీలో, “ఈ పిల్లాడి అమ్మ ఇచ్చింది, తను ఫోన్ చేసేదాకా ఇంజను వేయొద్దంది.”